అరబీలో ‘నేను రాసిన ఉత్తరం’ అని ఎలా రాయాలి?

నేను రాసిన ఉత్తరం. నేను రాసిన పెన్ను. నేను రాసిన కాగితం. మూడింట్లోనూ ‘రాసిన’ ఒక్కటే. కానీ రాసింది ఉత్తరాన్ని, పెన్నుతో, కాగితం మీద. ఆ ‘ని’, ‘తో’, ‘మీద’ ఎటు పోయాయి? మనం మింగేశాం. వినేవాళ్లకు ఎలాగూ అర్థమవుతుందని వదిలేశాం. అరబీ మాత్రం వాటిని అంత తేలిగ్గా వదలదు. మన తెలుగువాళ్లు అరబీ రాసేటప్పుడు తడబడేది ఎక్కువగా ఇక్కడే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ముందు ‘ఫుస్‌హా’ సంగతి చూద్దాం. పుస్తకాల్లో, పత్రికల్లో కనిపించే ప్రామాణిక అరబీ అదే.

1. వరుస తిప్పండి. మనకు వివరం ముందు, పేరు చివర. అక్కడ పేరు ముందు. ‘అర్ రిసాలా’ (ఆ ఉత్తరం) అని మొదలుపెట్టి, దాని గురించి తర్వాత చెప్పాలి.

2. ఆ ఉత్తరమా, ఏదో ఒక ఉత్తరమా? పేరుకు ముందు ‘అల్’ ఉంటే (ర, స లాంటి అక్షరాల ముందు అది ‘అర్’, ‘అస్’ అని పలుకుతుంది) మధ్యలో కలిపే మాట ఒకటి కావాలి. ఏదో ఒక ఉత్తరమైతే అక్కర్లేదు. ‘రిసాలా కతబ్తుహా’ అంటే చాలు, ‘నేను రాసిన ఒక ఉత్తరం’ అయిపోయింది. ఇక్కడ కూడా ఆ మాట ఇరికించడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు.

3. కలిపే మాట ఎంచుకోండి. పుంలింగానికి ‘అల్లదీ’, స్త్రీలింగానికి ‘అల్లతీ’, మగవాళ్లు చాలామంది ఉంటే ‘అల్లదీన’, ఆడవాళ్లయితే ‘అల్లవాతీ’. ఇద్దరికి వేరే రూపాలున్నాయి. వస్తువు ఒకటైతే దాని లింగాన్ని బట్టి, రెండుకు మించితే ‘అల్లతీ’నే. స్పెల్లింగ్‌లో ఒక చిక్కు: అల్లదీ, అల్లతీ, అల్లదీన రాసేటప్పుడు లామ్ (మన ‘ల’) అక్షరం ఒక్కటే, అల్లవాతీకి రెండు.

4. మింగేసినదాన్ని తిరిగి పెట్టండి. అసలు పని ఇదే.

అర్ రిసాలా అల్లతీ కతబ్తుహా: నేను రాసిన ఉత్తరం. చివరి ‘హా’ అంటే ‘దాన్ని’.
అల్ ఖలమ్ అల్లదీ కతబ్తు బిహి: నేను రాసిన పెన్ను. ‘బిహి’ అంటే ‘దానితో’.
అల్ వరఖా అల్లతీ కతబ్తు అలైహా: నేను రాసిన కాగితం. ‘అలైహా’ అంటే ‘దాని మీద’.

‘ఏ పెన్నుతో అయితే రాశానో ఆ పెన్ను’ అని మన పాతకాలపు పద్ధతిలో ఒకసారి విప్పి చెప్పుకోండి. దాగిన ‘తో’ వెంటనే బయటపడుతుంది. పని చేసినవాడి గురించే చెబుతుంటే ఈ తోక (హా, బిహి, అలైహా లాంటిది) అక్కర్లేదు: ‘అర్ రజుల్ అల్లదీ కతబ’ అంటే ‘రాసిన మనిషి’.

ఇక చాటింగ్‌లో, సోషల్ మీడియాలో చాలామంది తమ మాట్లాడే భాషలోనే రాస్తారు. అక్కడ లింగం, వచనం టెన్షన్ లేదు. ఈజిప్టులోనూ, సిరియా, లెబనాన్‌లలోనూ అన్నిటికీ ‘ఇల్లీ’ ఒక్కటే. ఈజిప్టువాళ్లు దాని చివరి ‘యా’ అక్షరం కింద చుక్కలు పెట్టకుండా రాయడం మామూలే. తోక మాత్రం అక్కడా ఉంటుంది. మొరాకోలో ‘ఇల్లీ’ కాస్తా ‘ల్లీ’. ‘దాన్ని’ అనే తోకను వాళ్లు తరచూ వదిలేస్తారు. ‘ల్ క్తాబ్ ల్లీ క్తెబ్త్’ (నేను రాసిన పుస్తకం) అని కనిపిస్తే తప్పనుకోకండి. మాల్టా భాష కూడా అరబీ నుంచి పుట్టిందే. దాన్ని రోమన్ లిపిలో రాస్తారు, అక్కడ ఈ మాట ‘లి’ అయింది.

నన్ను బాగా ఆకట్టుకున్నది పాత యూదుల అరబీ. కైరోలోని బెన్ ఎజ్రా ప్రార్థనా మందిరంలో దొరికిన మధ్యయుగపు కాగితాల్లో ఎన్నో హీబ్రూ లిపిలో రాసిన అరబీ ఉత్తరాలే. ఆ తరహా రాతల్లో స్త్రీలింగానికీ, బహువచనానికీ కూడా ‘అల్లదీ’నే వాడేసిన చోట్లు కనిపిస్తాయి. రాసేవాళ్లు పుస్తకాల మాటే వాడారు, కానీ ‘ఇల్లీ’ని వాడినట్టే లింగాన్నీ వచనాన్నీ బట్టి మార్చకుండా వాడారు.

ఈరోజే ఒక అరబీ వార్త తీసుకుని, కనిపించిన ప్రతి ‘అల్లదీ’, ‘అల్లతీ’ చుట్టూ పెన్సిల్‌తో గుండ్రంగా గీయండి. అక్కడి నుంచి దాని తోక దాకా ఒక గీత లాగండి. తోక కనిపించకపోతే, ఆ పని చేసింది ఎవరో చూడండి.