నీటిలో వెల్డింగ్: రాడ్ ఎంపిక, లోతు తెచ్చే తిప్పలు

ఇది తడి వెల్డింగ్ సంగతి. డైవరూ, రాడ్డూ, ప్లేటూ అన్నీ నీళ్లలోనే ఉంటాయి. కరెంట్ డీసీ మాత్రమే. డైవర్ అడిగినప్పుడే పైనున్నవాళ్లు స్విచ్ వేయాలి, రాడ్ మార్చే ముందు తీసేయాలి.

ఆర్క్ (రాడ్ మొనకూ ప్లేటుకూ మధ్య వెలిగే కరెంట్ మెరుపు) పట్టదు, పట్టినా తెగిపోతుంది

ముందు ఎర్త్ (కరెంట్ తిరిగి వెళ్లడానికి ప్లేటుకు బిగించే క్లాంపు) చూడండి. తుప్పు మీదో, గుల్లల మీదో బిగిస్తే ఎంత కరెంట్ పెంచినా లాభం లేదు. అతుకు దగ్గర్లో మెరిసేదాకా గీకి అక్కడ బిగించండి. పొడవాటి కేబుల్లో వోల్టేజీ పడిపోతుంది కాబట్టి పైన మీటర్ చూపేదాన్ని నమ్మొద్దు. తర్వాత పోలారిటీ, అంటే ఏ కొసకు ఏ తీగ: మామూలుగా రాడ్ నెగటివ్. అనుమానముంటే పైనే బకెట్ ఉప్పునీటిలో రాడ్ మొననూ ఎర్త్ క్లాంపునూ దూరదూరంగా ముంచి, కొద్దిసేపు కరెంట్ ఇవ్వండి. బుడగలు రాడ్ దగ్గర జోరుగా వస్తే సరిగ్గా ఉన్నట్టే. తిరగబడితే హోల్డర్ లోహం త్వరగా తినేస్తుంది.

రాడ్ పూత ఉబ్బి ఊడిపోతోంది

నీరు లోపలికి దిగింది. వార్నిష్ లాంటి నీరు పట్టని పూత ఉన్నవే వాడండి. డైవర్ ఒక్కసారికి కొన్నే తీసుకెళ్లాలి, నానినవి పారేయాలి.

బీడులో (రాడ్ కరిగి గడ్డకట్టిన వెల్డ్ గీతలో) రంధ్రాలు, లోతుకు పోయేకొద్దీ ఎక్కువ

ప్రతి 10 మీటర్లకూ దాదాపు 1 బార్ ఒత్తిడి పెరుగుతుంది. ఆర్క్ వేడికి నీరు విడిపోయి పుట్టిన హైడ్రోజన్ ఆ ఒత్తిడిలో కరిగిన లోహంలోకి ఎక్కువగా చేరుతుంది. చుట్టూ నీరు కాబట్టి బీడు క్షణాల్లో గడ్డకడుతుంది, వాయువు బయటికి రాలేక లోపలే చిక్కుతుంది. దీనికితోడు లోతులో మాంగనీస్, సిలికాన్ తగ్గి, ఆక్సిజన్ పెరిగి బలం పడిపోతుంది. ఆర్క్ సన్నబడుతుంది కాబట్టి వోల్టేజీ కాస్త ఎక్కువ కావాలి. పైన సెట్ చేసిన అంకె అక్కడ చాలదు.

రూటైల్ రాడ్ (టైటానియం ఆక్సైడ్ పూత ఉన్నది, ఈ6013 తరగతి, 3.2 మి.మీ.) ఆర్క్ నిలకడగా ఇస్తుంది కాబట్టి తడి పనిలో అదే ముందు. రాడ్ మొనను ప్లేటుకు ఆనించి లాగండి. ఆర్క్ పొడవు పెరిగితే రంధ్రాలూ పెరుగుతాయి. నికెల్ రాడ్ సుమారు 10 మీటర్లు దాటితే రంధ్రాలతో చెడిపోతుంది.

బీడు పక్కన పగులు, మర్నాటికి కనిపిస్తుంది

ఇది హైడ్రోజన్ పగులు. గట్టిపడిన స్టీల్, హైడ్రోజన్, అతుకులో మిగిలిపోయే లాగుడు (స్ట్రెస్) మూడూ కలిస్తే వస్తుంది. పైన మంచి రాడ్ కదా అని ఈ7018 తెస్తే, నీళ్లలో దాని తక్కువ హైడ్రోజన్ గుణం నిలవదు. కార్బన్ ఈక్వివలెంట్ (కార్బన్, మాంగనీస్ లాంటివి కలిపి స్టీల్ ఎంత గట్టిపడుతుందో చెప్పే అంకె) 0.40 దాటిన ప్లేటుకు రూటైల్‌తో ముప్పు ఎక్కువ. స్టీల్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 2062లో ఈ250 ఏ గ్రేడుకే గరిష్ఠం 0.42, ఈ350 ఏ కు 0.47. కాబట్టి గ్రేడ్ పేరు చాలదు, మిల్ సర్టిఫికెట్ (ప్లేటులో ఏమేం ఎంతున్నాయో ఫ్యాక్టరీ ఇచ్చే పత్రం) చూసి తీరాలి.

తక్కువ లోతైతే నికెల్ రాడ్‌తో గట్టెక్కవచ్చు, ఎందుకంటే అది హైడ్రోజన్‌ను తనలోనే పట్టి ఉంచుతుంది. లోతు ఎక్కువైతే ఆక్సిడైజింగ్ రాడ్ (ఐరన్ ఆక్సైడ్ పూత ఉన్నది)తో హైడ్రోజన్ తగ్గుతుంది, కానీ బలం కూడా తగ్గుతుంది. బరువు మోసే అతుకుకు పనికిరాదు. రూటైల్‌తోనే చేయాల్సివస్తే, పక్క బీడు వేడి ముందరి బీడు అంచును మెత్తబరిచేలా సగం సగం ఎక్కించుకుంటూ వెంటవెంటనే వేయండి. పరీక్ష కనీసం 24 గంటల తర్వాతే. పగులు కనిపిస్తే పైన మరో బీడు వేసి కప్పొద్దు, మొదలంటా గ్రైండ్ చేయండి.

లోతైన చోట 0.40 దాటిన ప్లేటు మీద బరువు మోసే అతుకు కావాలంటే తడి పద్ధతి వదిలి పొడి చాంబర్‌కు (అతుకు చుట్టూ నీటిని తోసేసి పొడిగా ఉంచే గదికి) వెళ్లాలి.