వైఫై ఉంది, సైట్లు రావట్లేదా? ముందు ఇది చూడండి

లైనక్స్ ల్యాప్‌టాప్‌లో వైఫై గుర్తు నిండుగా ఉంటుంది, బ్రౌజర్‌లో మాత్రం ఒక్క పేజీ రాదు. రౌటర్ జోలికి పోకముందే టెర్మినల్ తెరిచి ping 8.8.8.8 అని కొట్టండి. పింగ్ అంటే అవతలి సర్వర్‌కి (ఇక్కడ గూగుల్‌ది) చిన్న సందేశం పంపి, జవాబు వస్తుందా అని చూడటం. (లైనక్స్‌లో పింగ్ దానంతట అది ఆగదు, కంట్రోల్, సీ కలిపి నొక్కాలి.) జవాబులు వస్తుంటే లైన్ బాగానే ఉన్నట్టు. ఈసారి ఏదైనా సైట్ పేరుతో పింగ్ చేయండి. పేరే దొరకలేదంటే తేడా డీఎన్ఎస్‌లో, అంటే సైట్ పేరును దాని నంబర్ అడ్రస్‌గా మార్చే వ్యవస్థలో ఉంది.

మీ లైనక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ అయితే సెట్టింగ్స్‌లో వైఫైకి వెళ్లి, మీ నెట్‌వర్క్ పక్కనున్న గేర్ గుర్తు నొక్కండి. ఐపీవీ4 ట్యాబ్‌లో డీఎన్ఎస్‌కి ఆటోమేటిక్ ఆపేసి, 1.1.1.1, 8.8.8.8 (క్లౌడ్‌ఫ్లేర్, గూగుల్ డీఎన్ఎస్ సర్వర్ల అడ్రస్‌లు) అని మధ్యలో కామాతో రాయండి. అప్లై కొట్టాక వైఫై ఆపి మళ్లీ వేయాలి. చాలామంది ఇది మర్చిపోయి, మార్పు పనిచేయలేదనుకుంటారు.

ఇది ఇంటి నెట్‌వర్క్‌కే పెట్టుకోండి. హోటల్, ఎయిర్‌పోర్ట్ వైఫైకి పెడితే లాగిన్ పేజీయే రాకపోవచ్చు, ఆఫీసులో అయితే లోపలి సైట్లు తెరుచుకోకపోవచ్చు. మొదటి పింగ్‌కే జవాబు లేకపోతే డీఎన్ఎస్ మార్చి లాభం లేదు, అప్పుడు రౌటర్‌నే చూడాలి.