డాస్ అంతరంగం – 3వ పాఠం: ఫ్యాట్ పట్టికను చేత్తో చదవడం

గత పాఠంలో ఫ్లాపీలోని బూట్ సెక్టరును హెక్స్ ఎడిటర్‌లో తెరిచి చూశాం; రెండు బైట్ల సంఖ్యను డిస్కుపై రాసేటప్పుడు చిన్న విలువ గల బైటు ముందు, పెద్ద విలువ గలది తరువాత వస్తుందని తెలుసుకున్నాం. ఒక ఫైలు ఫ్లాపీలో ఏయే చోట్ల ముక్కలై ఉందో ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరేదీ లేకుండా, కాగితం మీద లెక్క వేసి చెప్పగలగడమే ఈ పాఠం లక్ష్యం. ఆ చోట్లను డాస్ డిస్కు మీద రాసిపెట్టుకునే పట్టికే ఫ్యాట్. 1.44 మెగాబైట్ల ఫ్లాపీ ఇమేజ్ ఒకటి దగ్గర ఉంచుకుంటే, చదివినదాన్ని వెంటనే సరిచూసుకోవచ్చు.

డాస్‌కు ముందు పర్సనల్ కంప్యూటర్లలో విస్తృతంగా వాడిన ఆపరేటింగ్ సిస్టమ్ సీపీ/ఎం. దీన్ని 1974లో గ్యారీ కిల్డాల్ ఇంటెల్ 8080 ప్రాసెసర్ కోసం రాశాడు. దాని ప్రామాణిక డిస్కు 8 అంగుళాల ఫ్లాపీ: 77 ట్రాకులు, ట్రాకుకు 26 సెక్టర్లు, సెక్టరుకు 128 బైట్లు. మొదటి రెండు ట్రాకులను సిస్టమ్‌కు వదిలేస్తే మిగిలిన స్థలం ఒక కిలోబైటు చొప్పున 243 బ్లాకులు అవుతుంది; 243 అనేది 255 లోపు సంఖ్య కనుక ఒక్కో బ్లాకు నంబరు ఒక్క బైటులో ఇమిడిపోతుంది. ఫైలుకు చెందిన బ్లాకుల నంబర్లను సీపీ/ఎం డైరెక్టరీ ఎంట్రీలోనే రాసుకునేది. ఎంట్రీ నిడివి 32 బైట్లు, అందులో చివరి 16 బైట్లు ఈ నంబర్లకే కేటాయించారు. ఫైలు 16 కిలోబైట్లు దాటితే అదే పేరుతో మరో ఎంట్రీ తెరవవలసి వచ్చేది.

ఈ ఏర్పాటులో రెండు లోపాలున్నాయి. డిస్కులో ఏ బ్లాకు ఖాళీగా ఉందో చెప్పే పట్టిక డిస్కు మీద ఎక్కడా లేదు. డిస్కును మొదటిసారి వాడినప్పుడు సీపీ/ఎం డైరెక్టరీ అంతా చదివి, ఆ పట్టికను మెమరీలో తయారుచేసుకునేది. మధ్యలో ఫ్లాపీ మార్చి, డిస్కును మళ్లీ చదవమని చెప్పే కంట్రోల్-సి నొక్కడం మరిచిపోతే, మెమరీలోని పట్టిక పాత ఫ్లాపీది, డ్రైవులో ఉన్నది కొత్త ఫ్లాపీ. ప్రమాదాన్ని పసిగట్టిన సీపీ/ఎం ఆ డిస్కు మీద రాయడానికి నిరాకరించేది, అప్పటిదాకా టైపు చేసిన పని కాస్తా గాలికి పోయేది. రెండవది, ఫైలు నిడివి 128 బైట్ల లెక్కలోనే తెలిసేది తప్ప కచ్చితంగా ఎన్ని బైట్లో తెలిసేది కాదు. అందుకే టెక్స్ట్ ఫైలు ముగిసిన చోట కంట్రోల్-జెడ్ అనే గుర్తు పెట్టే అలవాటు వచ్చింది.

1980లో సియాటిల్ కంప్యూటర్ ప్రోడక్ట్స్ సంస్థలో టిమ్ ప్యాటర్సన్ 8086 ప్రాసెసర్ కోసం 86-డాస్ రాశాడు. మైక్రోసాఫ్ట్ 1981 జూలైలో దాన్ని పూర్తిగా కొనేసింది, ఆగస్టులో విడుదలైన ఐబీఎం పీసీతో అది పీసీ డాస్ 1.0గా మార్కెట్లోకి వచ్చింది. డాస్ అంటే సీపీ/ఎంకు నకలు అని చాలామంది తేలికగా కొట్టిపారేస్తారు. ప్రోగ్రాములు సిస్టమ్‌ను పిలిచే తీరు వరకు ఆ మాట నిజమే. సీపీ/ఎం ప్రోగ్రాములను సులువుగా మార్చుకోవాలన్న ఉద్దేశంతోనే ప్యాటర్సన్ ఆ తీరును అనుసరించాడు. డిస్కు అమరిక విషయంలో మాత్రం ఆ మాట చెల్లదు. అక్కడ అతడు తీసుకున్నది ఫైల్ అలొకేషన్ టేబుల్, అంటే ఫ్యాట్ అనే ఆలోచనను. 1977లో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి మార్క్ మెక్‌డొనాల్డ్ డిస్క్ బేసిక్ కోసం దీన్ని 8 బిట్ల ఎంట్రీలతో తయారుచేయగా, ప్యాటర్సన్ ఒక్కో ఎంట్రీని 12 బిట్లకు పెంచాడు.

ఎనిమిదీ కాక, పదహారూ కాక, పన్నెండేమిటి? పీసీ డాస్ 1.0 వాడిన 160 కిలోబైట్ల ఫ్లాపీతో లెక్క వేసి చూద్దాం. ఆ ఫ్లాపీలో 512 బైట్ల సెక్టర్లు 320 ఉంటాయి. బూట్ సెక్టరు 1, ఫ్యాట్ రెండు ప్రతులకు 2, డైరెక్టరీకి 4 తీసేస్తే ఫైళ్లకు 313 మిగులుతాయి. ఎనిమిది బిట్లతో అన్నింటికీ నంబర్లు ఇవ్వలేం. పదహారు బిట్లు వాడితే, మొదటి రెండు ప్రత్యేక ఎంట్రీలతో కలిపి 315 ఎంట్రీలకు 630 బైట్లు కావాలి. అది ఒక సెక్టరులో పట్టదు. పన్నెండు బిట్లయితే 512 బైట్లలో 341 ఎంట్రీలు పడతాయి. పట్టిక మొత్తం ఒకే సెక్టరులో ఒదిగి, మెమరీలో ఉంచుకున్నా అరకిలోబైటుకు మించదు. పీసీ 16 కిలోబైట్ల మెమరీతో కూడా అమ్ముడైన కాలమది. ఈ పొదుపును పీనాసితనం అనలేం. అయితే దాని మూల్యం మాత్రం ఇప్పుడు మనం చెల్లించాలి, ఎందుకంటే ఒక ఎంట్రీ ఒకటిన్నర బైటు మీద పడుతుంది.

ఫైళ్లకు డాస్ స్థలం కేటాయించే ముక్కను క్లస్టర్ అంటారు; ఒక్కో క్లస్టరుకు ఫ్యాట్‌లో ఒక్కో ఎంట్రీ ఉంటుంది. చదివే పద్ధతి ఇది. క్లస్టర్ నంబరుకు అందులో సగం కలపండి, భిన్నం వస్తే వదిలేయండి. ఫ్యాట్ మొదటి బైటును సున్నాగా లెక్కిస్తే, వచ్చిన సంఖ్య మీరు చూడవలసిన స్థానం. అక్కడి రెండు బైట్లను తీసుకొని, వరుస తిప్పి, నాలుగు హెక్స్ అంకెలుగా రాయండి. క్లస్టర్ నంబరు సరి సంఖ్య అయితే కుడివైపు మూడు అంకెలు, బేసి సంఖ్య అయితే ఎడమవైపు మూడు అంకెలు మీ జవాబు. ఫైలులో ఆ తరువాతి ముక్క ఏ క్లస్టరులో ఉందో ఆ జవాబే చెబుతుంది. మూడు సున్నాలు వస్తే ఆ క్లస్టర్ ఖాళీ. ఎఫ్ఎఫ్ఎఫ్ వస్తే ఫైలు అక్కడితో సరి.

ఒక ఉదాహరణ చూద్దాం. 1.44 మెగాబైట్ల ఫ్లాపీలో ఫ్యాట్ 3వ స్థానం నుంచి బైట్లు ఇలా ఉన్నాయనుకుందాం:

03 50 00 00 60 00 ఎఫ్ఎఫ్ 0ఎఫ్ 00

డైరెక్టరీ ఎంట్రీలో 26, 27 స్థానాల్లోని బైట్లు ఫైలు మొదటి క్లస్టర్ 2 అని, 28వ స్థానం నుంచి ఉన్న 44 07 00 00 అనే నాలుగు బైట్లు నిడివి 1,860 బైట్లు అని చెబుతున్నాయి. క్లస్టర్ 2కు స్థానం 2+1, అంటే 3. అక్కడ 03 50, తిప్పితే 5003, క్లస్టర్ నంబరు 2 సరి సంఖ్య కనుక 003. క్లస్టర్ 3కు స్థానం 3+1, అంటే 4. అక్కడ 50 00; తిప్పితే 0050; క్లస్టర్ నంబరు 3 బేసి కనుక 005. ఒకే 50 అనే బైటు రెండు ఎంట్రీలకూ చెరిసగం పంచి ఇచ్చిందని గమనించండి. మొదట్లో అందరూ తడబడేది ఇక్కడే. క్లస్టర్ 5కు స్థానం 7, అక్కడ 60 00, జవాబు 006. క్లస్టర్ 6కు స్థానం 9, జవాబు ఎఫ్ఎఫ్ఎఫ్. గొలుసు 2, 3, 5, 6. ఈ ఫ్లాపీలో ఒక క్లస్టరుకు ఒకే సెక్టరు కనుక మొదటి మూడింటిలో 1,536 బైట్లు, చివరిదానిలో 324 బైట్లు ఉంటాయి. ఆ సెక్టరులో మిగిలిన 188 బైట్లలో ఏమి కనిపించినా అది ఈ ఫైలుది కాదు. సీపీ/ఎంలో లేని కచ్చితత్వం ఇదే.

మధ్యలో 4 ఎందుకు తప్పిపోయింది? ఈ ఫైలు రాస్తున్నప్పుడు ఆ క్లస్టరులో వేరే ఫైలు ఉండి, తరువాత అది చెరిగిపోయి ఉండాలి. ఫైలును చెరిపినప్పుడు డాస్ చేసే పని స్వల్పం: డైరెక్టరీలో పేరు మొదటి అక్షరం స్థానంలో ఈ5 అనే హెక్స్ విలువ రాసి, ఫ్యాట్‌లో ఆ గొలుసు ఎంట్రీలన్నిటినీ సున్నా చేస్తుంది. మొదటి క్లస్టర్ నంబరు, నిడివి చెక్కుచెదరవు. గొలుసు మాత్రమే పోతుంది. కాబట్టి ముక్కలు వరుసగా ఉన్న ఫైలును తిరిగి తెచ్చుకోవడం సులువు, చెల్లాచెదురుగా ఉన్నదాన్ని తేవడం ఊహతో కూడిన పని. ఈ5 అన్న గుర్తు మాత్రం సీపీ/ఎం నుంచి వచ్చినదే.

క్లస్టర్ నుంచి సెక్టరుకు వెళ్లడం చిటికెలో పని. ఈ ఫ్లాపీలో బూట్ సెక్టరు 1, ఫ్యాట్ ప్రతులు రెండింటికి 18, డైరెక్టరీకి 14, మొత్తం 33 సెక్టర్లు ముందు పోతాయి. క్లస్టర్ నంబరులోంచి 2 తీసి 33 కలిపితే, సున్నా నుంచి లెక్కించిన సెక్టర్ నంబరు వస్తుంది. క్లస్టర్ 5 అంటే 36వ సెక్టరు. దాన్ని 512తో గుణిస్తే ఇమేజ్‌లో 18,432వ బైటు.

అభ్యాసం: మరో ఫైలు మొదటి క్లస్టర్ 20, నిడివి 1,300 బైట్లు. ఫ్యాట్‌లో 30వ స్థానం నుంచి 15 70 01 00 ఎఫ్0 ఎఫ్ఎఫ్ అని ఉంది. గొలుసును రాసి, చివరి ముక్క ఏ సెక్టరులో ఉందో, అందులో ఈ ఫైలువి ఎన్ని బైట్లో చెప్పండి. పట్టికలో ఉన్నవి హెక్స్ సంఖ్యలు, డైరెక్టరీ నుంచి ఈ అభ్యాసంలో నేను ఇచ్చిన 20, 1,300 మామూలు సంఖ్యలు అన్న తేడా మరవకండి. లెక్క సరిగ్గా వస్తే 54వ సెక్టరు, 276 బైట్లు అని తేలుతుంది. వచ్చే పాఠంలో 1983 నాటి డాస్ 2.0 దగ్గరికి వెళ్లి, 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు కోసం ఇదే డైరెక్టరీ ఎంట్రీలో సబ్‌డైరెక్టరీలను ఎలా ఇమిడ్చారో చూద్దాం.