సుగిహార పాఠం ఒక్క పీరియడులో చెప్పడం ఎలా

మన కోనసీమ బళ్ళలో రెండో ప్రపంచయుద్ధం పాఠం వచ్చినప్పుడు జపాన్ కాన్సుల్ (పరాయి దేశపు ఊళ్ళో ఉండి వీసాలిచ్చే అధికారి) చియునె సుగిహార పేరు చెప్పి, వేలమంది యూదుల్ని కాపాడిన మహానుభావుడు అని ముగించేస్తే పిల్లలకి ఏమీ అందదు. ఆయన ఏ ఆర్డరు కాదన్నాడు, ఒక కాగితం ప్రాణాలెలా కాపాడింది, ఈ రెండూ తెలియాలి.

ముందు వీసా అంటే ఏమిటో చెప్పండి. 1940లో యానాం ఫ్రెంచి వాళ్ళది, గౌతమి దాటితే ఎదుర్లంక బ్రిటిష్ వాళ్ళది అంటే చాలు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యంలోకి అడుగుపెట్టడం పిల్లల కళ్ళకి కడుతుంది.

తర్వాత మూడు బల్లలు వేయించండి. 1940 వేసవి, లిథువేనియాలోని కౌనస్ ఊరు. పోలండు నుంచి పారిపోయి వచ్చిన యూదులుగా కొంతమంది పిల్లలు లైన్లో నిలబడాలి. మొదటి బల్ల దగ్గర డచ్చి కాన్సుల్ యాన్ జ్వార్టెన్‌డైక్. అసలు ఆయన ఫిలిప్స్ కంపెనీ మేనేజరు. కరీబియన్‌లో డచ్చి వాళ్ళ చేతిలో ఉన్న కురసావ్ దీవికి వీసా అక్కర్లేదని రాసిచ్చాడు, కానీ అక్కడ దిగడానికి గవర్నర్ అనుమతి కావాలన్న ముక్క కావాలనే వదిలేశాడు. ఆ ముక్క వదిలేసిన సంగతి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే ఆయన అలా రాసిచ్చిన కాగితం లేకపోతే రెండో బల్ల నడవదు. అక్కడ సుగిహార ఇచ్చే వీసా జపాన్ మీదుగా వెళ్ళడానికి మాత్రమే. ముందుకి వెళ్ళే దేశం వీసా, సరిపడా డబ్బు ఉన్నవాళ్ళకే ఇమ్మని టోక్యో ఆర్డరు. ఆయన మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ కాదన్నారు, అయినా ఇచ్చాడు. మూడో బల్ల సోవియట్ వాళ్ళది, బయటికి పోనిచ్చే పర్మిట్. అది దొరికాక రైల్లో సైబీరియా దాటి వ్లాదివోస్తోక్, అక్కడ ఓడెక్కి జపాన్‌లో త్సురుగా రేవు.

సుగిహార వీసాలు చేత్తో రాశాడు. ఒక పిల్లాడి చేత పది నిమిషాలు ఆగకుండా రాయించండి, చెయ్యి ఎలా లాగేస్తుందో వాడే చెప్తాడు. ఆయన వీసాల జాబితాలో 2,139 పేర్లున్నాయి, కొన్ని వీసాల మీద కుటుంబమంతా వెళ్ళింది కాబట్టి అదే బతికినవాళ్ళ లెక్క అని మాత్రం చెప్పకండి.

ఇప్పుడు అడగండి: వరదకి లంకలు మునిగాయి, పునరావాస కేంద్రంలో కార్డు లేనివాళ్ళకి అన్నం పెట్టొద్దని ఆర్డరొచ్చింది, గరిటె మీ చేతిలో ఉంది, ఏం చేస్తారు? ఈ వరదా, కౌనస్ కథా ఒకటి కావని, కౌనస్‌లో వెనక్కి తిరిగితే చావేనని కూడా చెప్పాలి.

తర్వాత ఏమైందని పిల్లలు అడుగుతారు. 1947లో ఉద్యోగం పోయింది, 1984లో ఇజ్రాయెల్ గౌరవించింది. టైముంటే 1940 జూన్‌లో బోర్డోలో ఇదే పని చేసిన పోర్చుగీసు కాన్సుల్ సౌజా మెండిస్ గురించి కూడా చెప్పండి. ఆయన 1954లో పేదరికంలో చనిపోయాడు, ఆయన్ని శిక్షించిన సొంత దేశం తన తప్పు దిద్దుకున్నది 1988లో.