చిహ్నాలు చదవడం, 4వ పాఠం: డోడో ఏ పక్కన ఉంది?

పోయిన పాఠంలో మారిషస్ జాతీయ చిహ్నం ఇచ్చి, డాలుకి కుడిపక్కన ఏముందో రాయమన్నాను. ముప్పాతిక మంది "జింక" అని రాశారు. కాదండీ, డోడో (ఇప్పుడు లేని, ఎగరలేని పక్షి). ఈసారి రంగులు చెబుదామనుకున్నా, ఇది తేలకుండా ముందుకెళ్లి లాభం లేదు.

చిహ్నంలో కుడి అంటే డాలు పట్టుకున్నవాడి కుడి. వాడు మనకి ఎదురుగా నిలబడతాడు కాబట్టి అది మన ఎడమపక్కన పడుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది, కానీ "అద్దం ముందు కంచం పట్టుకుని చూసుకోండి" అని చిట్కా చెప్పి నేనే చెడగొట్టాను. అద్దంలో మీ కుడిచెయ్యి మీ కుడిపక్కనే కనిపిస్తుంది, ఎదుటి మనిషికి ఉన్నట్టు అటు మారదు. సెల్ఫీ తీసేటప్పుడు ఫోన్ తెర మీదా అదే తంతు. ఇంట్లో ఎవరినైనా పిలిచి స్టీలు కంచం గుండెకి ఆనించుకోమనండి. వాళ్ల కుడిభుజం వైపు అంచున ఎర్ర బొట్టుబిళ్ల అంటించండి, అది డోడో. రెండోవైపు నల్లది, జింక. ఇప్పుడు నాలుగడుగులు వెనక్కొచ్చి చూడండి.

డాలు మీది నాలుగు గళ్లూ అదే లెక్కన: ఓడ, మూడు తాళజాతి చెట్లు, తాళంచెవి, నక్షత్రం. కింద లాటిన్‌లో "హిందూ మహాసముద్రపు తార, తాళంచెవి" అని ఉంటుంది. ఇండియా దారిలో ఉన్న దీవి, అక్కడ మకాం వేసి ఫ్రెంచివాళ్లు తమ ఓడల్ని కొల్లగొడుతున్నారనే బ్రిటిష్‌వాళ్లు 1810లో లాక్కున్నారు. దీవి ఎవరి చేతిలో ఉంటే ఆ దారి వాళ్లది, తాళంచెవి అంటే అదీ.

నాకు మాత్రం ఆ జంతువులే ఇష్టం. చిహ్నం 1906 నాటిది, డోడోలు 17వ శతాబ్దంలోనే పోయాయి. జింకేమో 1639లో డచ్చివాళ్లు జావా నుంచి తెచ్చింది (అధికారిక వర్ణనలో కణితి అంటారు గానీ, దీవిలో ఉన్నది జావా రూసా). రెండూ పట్టుకున్న చెరకు గడా వాళ్లు తెచ్చిన పంటే. ఆ చెరకుతోటల్లో కూలికి మనవాళ్లూ వెళ్లారు, కోరంగి రేవు పేరు మీద వాళ్లని అక్కడ కోరంగులనేవారు. 1968లో స్వాతంత్ర్యం వచ్చినా, 1992లో గణతంత్రమైనా చిహ్నం మాత్రం మార్చలేదు.

అన్నట్టు, అభ్యాసం. రెండు జంతువులూ ఎరుపు, తెలుపు సగం సగం, మధ్య గీత కోటగోడ అంచులా పళ్లుపళ్లుగా ఏటవాలుగా దిగుతుంది. అది ఒక్కోదాని మీద ఎటు నుంచి ఎటు దిగిందో రాయండి, మీ కుడిఎడమల్లో ఒకసారి, డాలు పట్టుకున్నవాడి కుడిఎడమల్లో ఒకసారి.