మన జట్టు పైన ఉన్నప్పుడు ఆశ పెట్టుకోవడం ఎలా

జట్టు వరుసగా గెలుస్తుంటే ఆశపడండి, తప్పేమీ లేదు. కాకపోతే లెక్క చూసుకుని ఆశపడండి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో ఆడే ఫుట్‌బాల్ జట్టు ఆర్సెనల్ అభిమానిగా ఈ సంగతి నాకు 2022-23 సీజన్ నేర్పింది.

పాయింట్ల పట్టికలో స్థానం కన్నా ముందు ఆడిన మ్యాచ్‌లు చూడండి. ప్రత్యర్థి మనకన్నా రెండు మ్యాచ్‌లు తక్కువ ఆడి ఉంటే, గెలుపుకు మూడు పాయింట్ల చొప్పున మన ఆధిక్యంలోంచి ఆరు పాయింట్లు తీసేయండి. మిగిలిందే అసలు తేడా.

తర్వాత మిగిలిన మ్యాచ్‌లన్నీ కాగితం మీద రాసుకోండి, సొంత మైదానంలోనా బయటా అన్నది కూడా. అందరం పెద్ద జట్ల పేర్లకే టెన్షన్ పడతాం. ఆ ఏప్రిల్‌లో లివర్‌పూల్‌తో 2-2, వెస్ట్‌హామ్‌తో 2-2 అయ్యాక, పట్టికలో అట్టడుగున ఉన్న సౌతాంప్టన్‌తో సొంత మైదానంలో 3-3 అయింది. డ్రాకు ఒక్క పాయింటే కాబట్టి, మూడు డ్రాలతో ఆరు పాయింట్లు పోయాయి. చివరికి మాంచెస్టర్ సిటీకి 89, మాకు 84. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

గాయాల వార్తలు వదలకండి. మార్చిలో మా డిఫెండర్ సలీబా గాయంతో దూరమయ్యాక మా డిఫెన్స్ మునుపటిలా లేదు. మీ జట్టులో ఎవరు లేకపోతే ఆట కుంటుపడుతుందో, ఆ స్థానంలో ఆడగలిగేది ఎవరో ముందే చూసుకోండి.

భయం మరీ ఎక్కువైతే అదే లీగ్‌లో ఆడిన లెస్టర్ సిటీ జట్టును తలుచుకోండి. అంతకుముందు ఏడాది 14వ స్థానంలో ఉన్న జట్టు, 2015-16లో 81 పాయింట్లతో లీగ్ గెలిచింది. నేనైతే ప్రతి సీజన్ మొదట్లో ఆ పట్టిక ఒకసారి తెరిచి చూస్తాను.