మా పెరట్లో ఏటిపాల ఇలా బతికింది

విశాఖలో పెందుర్తి వైపు మా ఇంటి వెనక ఓ పల్లపు మూల ఉంది. వానాకాలం మొదలైతే అక్కడ నీళ్లు నిలిచిపోతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ కొట్టినప్పుడు అక్కడున్న మునగ కూలిపోయింది, తర్వాత పెట్టిన కరివేపాకు వేరు కుళ్లింది. నీటిని ఇష్టపడే మన చెట్టే కావాలని అరకు వైపు వాగుల పక్కన పెరిగే ఏటిపాల పెట్టాలనుకున్నాను. ఇది విల్లో జాతి చెట్టు.

మొదటిసారి జూలైలో తెలిసిన రైతు గట్టు మీద నుంచి ఆకులున్న లేత చివర్లు తెచ్చి గుచ్చాను. పది రోజుల్లో అన్నీ నల్లబడ్డాయి. చాలా బాధేసింది.

వానలు తగ్గాక ఈ చెట్టు ఆకు రాలుస్తుంది. రెండోసారి అప్పుడే వెళ్లాను. బొటనవేలంత లావు, మూరెడు పొడవున్న ముదురు కొమ్మలు కోసి, కణుపుల మొగ్గలు పైకి ఉండేలా చూసుకుని మూడింట రెండు వంతులు బురదలో దించాను. తలకిందులుగా గుచ్చితే పెరుగుదల దెబ్బతింటుంది, అందుకే పై కొనకు సున్నం రాసి గుర్తు పెట్టుకున్నా. చుట్టూ తుంగ మాత్రం వారం వారం పీకాను, అసలు కష్టం అక్కడే.

నెల తిరగ్గానే మొగ్గలు పగిలి, సన్నటి ఆకులు బయటికొచ్చాయి. ఆకు తిప్పితే అడుగున తెల్లటి బూడిద రంగు!

వదిలేస్తే చెట్టవుతుంది కాబట్టి ఏటా మోకాలెత్తుకు కొట్టి పొదలాగే ఉంచుతున్నాను. వేర్లు నీటిని వెతుక్కుంటూ పోతాయి, సెప్టిక్ ట్యాంకు, పైపుల దగ్గర మాత్రం పెట్టకండి.